పేతురు పడిన చోటికి, పేతురు లేచిన చోటికి

యెరూషలేము యాత్రకు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది గొల్గొతా చూడాలని, ఖాళీ సమాధి దగ్గర మోకరించాలని, యొర్దాను నీళ్ళలో దిగాలని వెళ్తారు. నాకూ అవన్నీ చూడాలని ఉంది, చూశాను కూడా. కానీ నేను వెళ్ళింది మాత్రం పేతురు కోసం. యేసును పట్టుకెళ్ళిన రాత్రి, కోడి కూసేలోగా ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకి, తర్వాత మళ్ళీ ఆయన లేవనెత్తిన శిష్యుడు. పేతురు ఎక్కడ పడ్డాడో, ఎక్కడ లేచాడో ఆ రెండు చోట్లా నేను నిలబడాలి, ఆ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో చూడాలి అన్న కోరిక చాలాకాలంగా మనసులో ఉండిపోయింది.

ఎందుకంటే మా ఆయనా నేనూ కొంతమంది స్నేహితులతో కలిసి అమ్మానాన్నలు లేని పిల్లల కోసం ఒక చిన్న హోమ్ నడిపాం. ప్రార్థనతో మొదలుపెట్టాం, ఉపవాసాలుండి నడిపాం, అయినా మూతపడింది. కానుకలు తగ్గిపోయాయి, వెంట ఉంటామన్నవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు, చివరికి పిల్లల్ని బంధువుల ఇళ్ళకీ వేరే హాస్టళ్ళకీ పంపక తప్పలేదు. అందరికంటే ఆఖర్న వెళ్ళిన పిల్లాడు వరండాలో కూర్చుని తన ట్రంకుపెట్టె మీద మేం అంటించిన పేరు కాగితాన్ని గోటితో గీకి తీస్తున్నాడు. ఎందుకురా అంటే, "అక్కడ వేరే నంబరు ఇస్తారంట ఆంటీ" అన్నాడు. జిగురు మరక మాత్రం పోలేదు, తడిగుడ్డతో రుద్దుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత వచ్చిన ఓదార్పు మాటలు హోమ్ మూతపడటం కంటే ఎక్కువ బాధపెట్టాయి. ఎక్కడో మీ విశ్వాసం తగ్గి ఉంటుందమ్మా అన్నారు. మరుగైన పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండి అన్నారు. దేవుడు పిలవకపోయినా మీరే మొదలుపెట్టి ఉంటారు అని కూడా ఒకరన్నారు. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నాకు తెలుసు, కానీ కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గర ఇలా మాట్లాడటం మన సంఘాల్లో బాగా అలవాటైపోయింది. బైబిల్లో కష్టాలపాలైన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులూ అచ్చం ఇలాగే మాట్లాడారు, చివర్లో దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, వాళ్ళ మీద. ఆ సంగతి ఎంత చదివినా మనకు ఎక్కదు. నాకైతే ఆ రోజుల్లో ప్రార్థనకు కూర్చుంటే ఒక్క మాట వచ్చేది కాదు. దేవుడు లేడని అనిపించలేదు. ఉన్నాడు, కానీ మాకు జవాబు చెప్పాల్సిన అవసరం ఆయనకు లేనట్టుంది అనిపించేది. అది ఇంకా బరువు.

అలాంటి రోజుల్లోనే మా పాస్టరు గారు తీసుకెళ్తున్న గ్రూపులో మా అన్నయ్య మా ఇద్దరి పేర్లూ కట్టించాడు. ప్రయాణం సంగతులు, ఎయిర్‌పోర్ట్ ప్రశ్నలు, బస్సులో సీట్ల గొడవలు రాయను, అవి అందరికీ ఒకటే.

ముందు గెత్సేమనే, యేసు పట్టుబడే ముందు ప్రార్థన చేసిన తోట. ఒలీవల కొండ అడుగున కమ్మీల వెనుక ఎనిమిది ముసలి ఒలీవ చెట్లున్నాయి. మానులు మెలికలు తిరిగి, మధ్యలో తొర్రలు పడి, పైన మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇవి యేసు ప్రభువు చూసిన చెట్లేనని మా గ్రూపులో కొందరు అనుకున్నారు గానీ గైడ్ సరిదిద్దాడు. వాటిలో మూడింటి మానులను శాస్త్రవేత్తలు పరీక్షిస్తే 12వ శతాబ్దం నాటివని తేలింది, ఆ ఫలితాలు 2012లో బయటపెట్టారు. అయితే ఒలీవ చెట్టుని నరికేసినా మొదట్లోంచి మళ్ళీ చిగుళ్ళు వేస్తుంది, కాబట్టి కింద వేళ్ళు ఎంత పాతవో చెప్పడం కష్టం అన్నాడు. పక్కనే 1924లో కట్టడం పూర్తయిన గుడి ఉంది. కిటికీల అద్దాలు ముదురు రంగువి కావడంతో పట్టపగలు కూడా లోపల చీకటిగానే ఉంటుంది, రాత్రివేళ అనిపించాలనే అలా కట్టారట. బలిపీఠం ముందు నేల మీదే ఒక పెద్ద బండ, దాని చుట్టూ ముళ్ళకిరీటం ఆకారంలో ఇనుప కంచె.

అందరూ ఆ బండని తాకి ప్రార్థన చేస్తున్నారు. నా మనసు ఇంకోచోట ఉంది. ఇక్కడికి రాతి విసురు దూరంలో పేతురు నిద్రపోయాడు. దానికి కొంచెం ముందే, "నీ విషయమై అందరు అభ్యంతరపడినను నేను ఎప్పుడును అభ్యంతరపడను" అన్నవాడు. అబద్ధం చెప్పలేదు, ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాడు. కాసేపటికి కత్తి కూడా దూశాడు కదా, పిరికివాడైతే దూయడు. అందుకే పేతురు కథ నన్ను వదలదు. ప్రేమ లేనివాడు పడిపోతే అందులో చెప్పుకోవడానికేముంది? ప్రాణం పెట్టడానికి సిద్ధమైనవాడే పడిపోయాడు.

మర్నాడు సీయోను కొండ తూర్పు వాలులో ఉన్న గల్లికాంటు (లాటిన్‌లో కోడికూత) చర్చికి వెళ్ళాం. పైకప్పు మీద బంగారు రంగు కోడిపుంజు దూరం నుంచే కనిపిస్తుంది. ఇప్పుడున్న కట్టడం 1931 నాటిది. ప్రధాన యాజకుడైన కయప ఇల్లు ఇక్కడే ఉండేదని సంప్రదాయం. కొందరు పండితులు ఆ ఇల్లు కొండమీద ఇంకొంచెం పైన ఉండేదంటారు, నాకు ఆ చర్చ అంత ముఖ్యమనిపించలేదు, ఇక్కడ కాకపోతే కూతవేటు దూరంలో. చర్చి పక్క నుంచి కిద్రోను లోయ వైపు దిగే పాత రాతిమెట్లు కనిపిస్తాయి. చాలా పురాతనమైనవి, అరిగిపోయి, అక్కడక్కడా విరిగి ఉన్నాయి. ఆ రాత్రి చేతులు కట్టేసి యేసును ఈ దారినే తెచ్చి ఉంటారని చెప్తారు. వెనకాల దూరంగా పేతురు. అందరూ పారిపోయాక కూడా దూరంగానైనా వెంట వచ్చాడన్నది మనం త్వరగా మర్చిపోతాం. రానివాడికి బొంకే అవసరమే పడదు.

ప్రాంగణంలో ఒక విగ్రహాల గుంపు ఉంది. పేతురు, అతన్ని గుర్తుపట్టిన పనిపిల్ల, ఒక సైనికుడు, పైన స్తంభం మీద కోడి. పేతురు చేతుల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అరచేతులు ముందుకు చాపి "నాకు తెలీదు, నాకేం సంబంధం లేదు" అంటున్నట్టున్నాయి. హోమ్ సంగతి ఎవరైనా ఎత్తితే నేనూ అలాగే చేసేదాన్ని. వద్దులే, ఇప్పుడవన్నీ ఎందుకులే అని.

చర్చి కిందికి మెట్లు దిగితే బండలో తొలిచిన ఒక లోతైన గుంట ఉంటుంది. ఖైదీని పైన ఉన్న రంధ్రంలోంచి తాళ్ళతో దించేవారట, ఇప్పుడు మాత్రం మెట్లున్నాయి. యేసును తెల్లవారేదాకా అందులో ఉంచారని నమ్మిక. లోపల ఒక స్టాండు మీద 88వ కీర్తన రకరకాల భాషల్లో పెట్టి ఉంది. మా పాస్టరు గారు మన బైబిలు తీసి తెలుగులోనే చదివారు. ఆయన గొంతు గోడలకు కొట్టుకుని మళ్ళీ మా మీదికే వస్తోంది. కీర్తనల్లో చాలావాటికి చివర ఎక్కడో ఒక ఆశ, ఒక స్తుతి ఉంటుంది. దీనికి లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడితో ఆగిపోతుంది. పాస్టరు గారు కూడా అక్కడితో ఆపేశారు, ప్రసంగం చేయలేదు, అందుకు ఆయనకు ఎప్పటికీ ఋణపడి ఉంటాను.

అంతకుముందు ఆ కీర్తన చదవలేదని కాదు. కానీ ఆ గుంటలో నిలబడి విన్నప్పుడు అర్థమైంది, ఇది విశ్వాసం పోగొట్టుకున్నవాడి మాట కాదు. "నాకు రక్షణకర్తవగు దేవా" అని మొదలుపెట్టి పగలూ రాత్రీ ఆయనకే మొరపెడుతున్నాడు. జవాబు రాలేదని వేరే వైపు తిరగలేదు. మాటలు చేదుగా ఉన్నాయి, ముఖం మాత్రం దేవుడి వైపే ఉంది. ఇలాంటి ప్రార్థనకు కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటిచ్చాడంటే, దేవుడు మన నుంచి నవ్వుముఖం అడగడం లేదు. హోమ్ మూతపడ్డాక నేను మొదటిసారి నోరు తెరిచి ప్రార్థన చేసింది అక్కడే. పిల్లలందర్నీ పేరుపేరునా తలుచుకుని "ఎందుకు ప్రభువా" అన్నాను, అంతే. ఆమేన్ అన్నానో లేదో కూడా గుర్తులేదు.

పైకి వచ్చేసరికి మా గ్రూపులో ఒక పెద్దమ్మ ప్రాంగణంలో గట్టు మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పుల వల్ల కిందికి దిగలేకపోయింది. చేతికొచ్చిన కొడుకుని పోగొట్టుకున్న మనిషి. నా ముఖం చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. "ఏడ్చావా తల్లీ" అంది. అవునన్నాను. "మంచిది. పేతురు కూడా ఇక్కణ్ణించి బయటికెళ్ళి బాగా ఏడ్చాడు కదా. మా వాడు పోయినప్పుడు నేను ఏడవలేదమ్మా. అంతా నన్నే చూస్తున్నారు, ఏడిస్తే సాక్ష్యం చెడిపోతుందని బిగబట్టుకున్నా. సమాధి దగ్గర పాట కూడా నేనే ఎత్తుకున్నా. అందరూ ఎంత విశ్వాసం అన్నారు. ఇంటికొచ్చాక ఆరు నెలలు బైబిలు తెరవలేదు, ఎవరికీ తెలియదు." కాసేపాగి మళ్ళీ అంది, "ఏడ్చి ఉంటే బాగుండేది. దేవుడేం అనుకునేవాడు కాదు."

ఆవిడ పక్కన కూర్చునే లూకా 22 తెరిచి చదువుకున్నాను. సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించడానికి కోరుకున్నాడని యేసు పేతురుకి ముందే చెప్పాడు. ఆ జల్లించడం ఆపమని నేను తండ్రిని అడిగాను అని మాత్రం అనలేదు. "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. ఇన్నేళ్ళూ నా ప్రార్థన ఎప్పుడూ జల్లెడ రాకూడదనే. ఆయన ప్రార్థన గింజ గురించి. జల్లెడలో పడ్డ గింజకు ఏం తెలుస్తుంది, కుదుపే తెలుస్తుంది, పొట్టు పోతోందన్నది జల్లించేవాళ్ళకే కనిపిస్తుంది. మరి ఆ రాత్రి పేతురు దగ్గర పోయిందేమిటి? యేసు మీద నమ్మకం పోలేదు, పోయి ఉంటే అంతగా ఏడ్చేవాడు కాదు. తన మీద తనకున్న నమ్మకం పోయింది. ఆ రెండూ ఒకదానికొకటి ఎంతగా అతుక్కుని ఉంటాయంటే, ఒకటి ఊడిపోతుంటే రెండోదీ పోతోందనే అనిపిస్తుంది మనకు. నాకూ అలాగే అనిపించింది. హోమ్ పోయినప్పుడు విశ్వాసమే పోయిందనుకున్నాను, నిజానికి పోయింది మేం ప్రార్థన చేస్తే ఏదైనా నిలబడుతుందన్న ధీమా.

యేసు సిలువ మోసుకెళ్ళాడని చెప్పే విలాపమార్గం గురించి ఎక్కువ రాయలేను, ఆ రోజు విపరీతమైన జనం, ఇరుకు సందులు, రెండు వైపులా అంగళ్ళు, సిలువ పట్టుకుని పాడుకుంటూ వెళ్ళే గుంపులు. 14 స్థలాల్లో మూడోది, ఏడోది, తొమ్మిదోది యేసు సిలువ కింద పడిపోయిన చోట్లని చెప్తారు. పడిపోవడం సువార్తల్లో లేదు, సంప్రదాయంలో ఉంది, అందుకని మాలో కొందరు అక్కడ ఆగడానికి ఇష్టపడలేదు. నేను ఆగాను. పాపం లేనివాడు కూడా బరువు కింద పడగలడు అని అనుకున్నాను, మనం పడ్డప్పుడు అందరూ ముందు పాపమే వెతుకుతారు కాబట్టి.

ఖాళీ సమాధి దగ్గర పెద్ద క్యూ. లోపలికి వంగి వెళ్ళాలి, కొద్దిమందికే చోటు, నిమిషం కూడా ఉండనివ్వరు. క్యూలో నిలబడ్డంతసేపూ మార్కు 16 చదువుతూ ఉన్నాను. అక్కడ దేవదూత స్త్రీలతో ఏమన్నాడు? "ఆయన శిష్యులతోను పేతురుతోను చెప్పుడి." పేతురు శిష్యుడే కదా, విడిగా పేరెందుకు? శిష్యుల్లో నేనింకా ఉన్నానా అని పేతురుకి అనుమానం ఉండి ఉంటుంది కాబట్టి. పునరుత్థానం గురించి పంపిన మొదటి కబుర్లోనే ఓడిపోయినవాడి పేరు పెట్టి పంపించారు. ఎక్కడికి రమ్మని? గలిలయకు.

మేమూ గలిలయకే బయల్దేరాం. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటుంది, గలిలయ సముద్రం మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన. యొర్దాను లోయ వెంట సుమారు 150 కిలోమీటర్లు, ఏసీ బస్సులో రెండు మూడు గంటలు. కిటికీలోంచి మోడు కొండలు చూస్తూ ఆలోచించాను, పేతురు ఈ దూరమంతా నడిచాడు. రోజుల తరబడి. తాను ఏమన్నాడో తెలిసిన మనుషులతో కలిసి. యేసును పట్టించిన యూదా కూడా అదే రాత్రి పడ్డాడు, అతనూ పశ్చాత్తాపపడ్డాడు, కానీ ఒంటరిగా ప్రధానయాజకుల దగ్గరికి వెళ్ళాడు, వాళ్ళు మాకేమి అన్నారు. పేతురు సిగ్గుతోనైనా మిగతావాళ్ళతోనే ఉన్నాడు. యోహాను 21లో చేపలకు వెళ్ళినప్పుడు దోనెలో ఏడుగురున్నారు. దెబ్బతిన్నవాళ్ళు సహవాసం మానేస్తారు, మేమూ మానేశాం, నలుగురి ముఖాలు చూడలేక. ఎంత ఇబ్బందిగా ఉన్నా వెనక బెంచీలోనైనా కూర్చోవాలని ఆ బస్సులోనే మా ఆయనతో అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, తలూపారు.

కపెర్నహూములో పేతురు ఇల్లని చెప్పే చోట 1990లో కట్టిన చర్చి ఉంది, నేలలో అద్దంలోంచి కింద పాత గోడలు చూడొచ్చు. చూశాం, ముందుకెళ్ళాం. గిన్నోసారులో మ్యూజియంలో ఉన్న దోనె దగ్గర మాత్రం నాకు కాళ్ళు కదల్లేదు. 1986లో కరువొచ్చి సరస్సు బాగా వెనక్కి తగ్గితే, జాలర్లైన ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఆ దోనె జాడ కనిపించింది. సుమారు రెండు వేల ఏళ్ళనాటిది, ఎనిమిది మీటర్లకు కాస్త ఎక్కువ పొడవు. పేతురుదని ఎవరూ అనరు, ఆ కాలపు జాలరిది. గాలి తగిలితే పొడైపోయేంత మెత్తగా ఉన్న చెక్కని చుట్టూ నురుగు పోసి గట్టిపరిచి, నీళ్ళ మీద తేల్చి తీసుకొచ్చి, ఏళ్ళ తరబడి మైనం లాంటి ద్రావణంలో నానబెట్టి నిలబెట్టారు. దగ్గరికెళ్ళి చూస్తే పలకల మధ్య చిన్నచిన్న అతుకులు. మొత్తం పన్నెండు రకాల చెక్క వాడారట. ఏది దొరికితే అది పెట్టి బాగుచేసుకుంటూ వచ్చాడు ఆ పేదవాడు, ఎన్నిసార్లు చిల్లు పడిందో, ఎన్నిసార్లు మళ్ళీ నీళ్ళలోకి దింపాడో.

ఇక తబ్గా. గలిలయ సముద్రం ఒడ్డునే నల్లరాతితో కట్టిన చిన్న చర్చి, 1933 నాటిది. లోపల చాలా జాగా ఒక మొరటు బండే. పునరుత్థానుడైన యేసు శిష్యులకు భోజనం పెట్టింది దాని మీదేనని చెప్తారు. బయట బండలో తొలిచిన మెట్లు నీటివైపు దిగుతాయి. నేను చెప్పులు విప్పి గులకరాళ్ళ మీద నీళ్ళలో నిలబడి యోహాను 21 చదివాను. రాత్రంతా వల వేసి ఏమీ పట్టలేకపోయారు. అంటే యేసు మళ్ళీ కనిపించే వేళకు కూడా పేతురు చేతిలో ఖాళీ వలే ఉంది, ఇంకో ఓటమి. ఒడ్డున నిప్పులు. ఏ నిప్పు దగ్గర చలి కాచుకుంటూ ముమ్మారు కాదన్నాడో, మళ్ళీ అలాంటి నిప్పు దగ్గరే ముమ్మారు ప్రశ్న. మూడోసారి అడిగినప్పుడు పేతురు నొచ్చుకున్నాడని రాసి ఉంది. బాగుచేసేటప్పుడు కూడా నొప్పి ఉంటుందన్నమాట.

మొదటి ప్రశ్నలో "వీరికంటె" అనే మాట ఉంది చూడండి. వీళ్ళకంటే ఎక్కువగా నన్ను ప్రేమిస్తున్నావా? పాత పేతురైతే వెంటనే అవుననేవాడు, అందరూ పోయినా నేను పోను అన్నది ఆయనే కదా. ఇప్పుడు పోల్చడు. నేను ప్రేమిస్తున్నానని నీకే తెలుసు అంటాడు, అంతే. శుద్ధి కావడం అంటే ఏమిటో నాకు ఆ జవాబులో కనిపించింది. ప్రేమ అంతే ఉంది, పక్కవాడితో పోలిక రాలిపోయింది. మేం హోమ్ నడిపిన రోజుల్లో మాకూ ఆ పోలిక ఉండేది, పైకి అనకపోయినా. తర్వాత ఎప్పుడో ఇదే పేతురు తన పత్రికలో, అగ్నిలో శుద్ధి అయ్యే బంగారం కంటే పరీక్షకు నిలిచిన విశ్వాసం అమూల్యమని రాశాడు. నిప్పు దగ్గర ఓడిపోయిన మనిషి నిప్పు గురించి రాసిన మాట అది, అందుకే నేను దాన్ని నమ్మగలను. అలాగని ఆ ఉదయంతో పేతురు పరీక్షలన్నీ అయిపోలేదు. అంతియొకయలో మనుషులకు భయపడి వెనక్కి తగ్గితే పౌలు ముఖాముఖిగా నిలదీశాడని గలతీ పత్రికలో ఉంది.

హోమ్ మళ్ళీ తెరవలేదు, తెరుస్తామో లేదో తెలియదు. పిల్లల్లో ఫోన్ నంబర్లున్నవాళ్ళతో మాట్లాడుతున్నాం. ప్రార్థన చేస్తున్నాను, మునుపటిలా పొడుగ్గా రావడం లేదు, అయినా చేస్తున్నాను. మా ఆయన ఇంకా వెనక బెంచీలోనే కూర్చుంటున్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. చాలా టూర్లలో గల్లికాంటుకి తక్కువ సమయం ఇస్తారు, తబ్గా అయితే ఫోటోలు దిగి వచ్చేసే చోటుగా పెడతారు. బుక్ చేసేటప్పుడే గ్రూపు లీడర్‌తో మాట్లాడి రెండుచోట్లా కనీసం గంటైనా ఉండేలా అడగండి. ముందు యెరూషలేము, తర్వాత గలిలయ వచ్చేలా ప్లాన్ ఉంటే ఇంకా మంచిది, పేతురు నడిచిన వరస అదే. గుంటలోకి మెట్లు ఇబ్బందిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగలేకపోయామని బాధపడకండి, పైన ప్రాంగణంలో గట్టు మీద కూర్చుని లూకా 22 నెమ్మదిగా చదువుకోండి, పక్కన ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉంటే కాస్త పలకరించండి.